ఇంట్లో చేసే చాక్లెట్‌కు చక్కెరా, బెల్లమా?

బైరాగిపట్టెడ ఇల్లాలు (చర్చ ప్రారంభం):

తిరుపతిలో మా ఇంట్లో పిల్లల కోసం పాలపొడి చాక్లెట్ చేయడం అలవాటు. రెండు కప్పుల పాలపొడి, పావు కప్పు కోకో పొడి కలిపి జల్లించి పెట్టుకుంటాను. ముప్పావు కప్పు చక్కెరలో అర కప్పు నీళ్లు పోసి తీగపాకం వచ్చేదాకా కాచి, మూడు పెద్ద చెంచాల వెన్న వేసి, మంట బాగా తగ్గించి, జల్లించిన పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలుపుతాను. ముద్ద గిన్నె అంచులను విడిచిన వెంటనే నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి, చల్లారాక కోస్తే ముప్పై ముక్కల దాకా వస్తాయి.

ఇందులో చక్కెర మానేసి బెల్లం వేయాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. చిత్తూరు నుంచి ఏటా బెల్లం తెప్పించుకునే ఇంట్లో పిల్లలకు చక్కెర పెట్టడమేమిటన్నది ఆమె ప్రశ్న. బెల్లం వేస్తే అది చాక్లెట్‌లా ఉండదని మా వారి అభిప్రాయం. ఆరోగ్యం, రుచి, నిలవ ఈ మూడింటినీ దృష్టిలో ఉంచుకొని ఏది మేలో తెలిసినవారు చెప్పగలరు. రెండూ మంచివేనన్న సమాధానం మాత్రం దయచేసి వద్దు. ఆ మాట మా మామగారు ఇప్పటికే చెప్పేసి పేపరు చదువుకుంటున్నారు.

పలమనేరు చెరకు రైతు:

అక్కా, మీ అత్తగారి మాటే సరైనది. చక్కెరలో తీపి తప్ప మరేమీ ఉండదు. బెల్లంలో తీపితో పాటు చెరకు రసంలోని ఖనిజాలు కొంతైనా మిగులుతాయి, దానికంటూ ఒక వాసన, ఒక రంగు ఉంటాయి. కోకో చేదుకు ఆ వాసన ఎంత చక్కగా కుదురుతుందో ఒకసారి రుచి చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. బెల్లం వ్యాపారంలో అనకాపల్లి పేరు పెద్దదే కావచ్చు, కానీ మన చిత్తూరు వైపు గానుగల దగ్గర వేడి వేడిగా తీసిన బెల్లం రుచి ఎరిగినవారు దుకాణంలో చక్కెర పొట్లం అడగడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. పైగా కోకో కూడా ఇప్పుడు పరాయి పంట కాదు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నడుమ అంతర పంటగా విస్తారంగా పండుతోంది. కోకో, బెల్లం, పాలు అన్నీ మన రాష్ట్రంలోనే దొరుకుతున్నప్పుడు మన పిల్లల చాక్లెట్ మన సరుకుతోనే తయారు కావడం న్యాయం కదా.

రేణిగుంట బేకరీ పనివాడు:

మీరిద్దరూ కోకో పొడి దగ్గరే ఆగిపోయారు. అసలు చాక్లెట్ నోట్లో కరిగే నునుపు, కోకో గింజల కొవ్వైన కోకో వెన్నలో ఉంది. చాక్లెట్ దిమ్మ కొని, నీళ్ల గిన్నె మీద మరో గిన్నె పెట్టి కరిగించి అచ్చుల్లో పోసుకుంటే చక్కెరా బెల్లమా అన్న ప్రశ్నే రాదు. అయితే కొనేటప్పుడు పొట్లం వెనుక చదవండి. కాంపౌండ్ అని రాసి ఉన్న చవక దిమ్మల్లో కోకో వెన్నకు బదులు వనస్పతి తరహా కొవ్వులు ఉంటాయి. ఇంకొక మాట. కరిగిన చాక్లెట్‌లో బెల్లం పాకం ఎప్పుడూ పోయకండి. తడి గరిటె నుంచి నాలుగు చుక్కల నీరు పడినా అందులోని చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకొని, నున్నగా ఉన్న ముద్ద ఇసుకలా బిగుసుకుపోతుంది.

పాల శాస్త్ర పట్టభద్రురాలు, తిరుపతి:

బేకరీ తమ్ముడు చెప్పినది నిజమే అయినా మన ఊరి ఎండను ఆయన లెక్కలోకి తీసుకోలేదు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, ఏసీ లేని వంటింట్లో ఆ చాక్లెట్ గట్టిపడదు. ఫ్రిజ్‌లో గట్టిపరిచి బయటికి తీస్తే పైన తేమ పట్టి తెల్లని పొర కడుతుంది. ఇల్లాలుగారి పద్ధతికి ఉన్న బలం ఇక్కడే ఉంది. ఆమె చాక్లెట్‌ను నిలబెడుతున్నది కొవ్వు కాదు, పాకం చల్లారేటప్పుడు ఏర్పడే సన్నని చక్కెర స్ఫటికాలు. అవి ఎండకు కరగవు కాబట్టే ఆ ముక్కలు పిల్లల బడి డబ్బాలో మధ్యాహ్నం దాకా ఆకారం చెడకుండా ఉంటాయి.

ఇప్పుడు ఆ స్థానంలో బెల్లం వేస్తే ఏమవుతుందో చూద్దాం. చక్కెర దాదాపు పూర్తిగా సుక్రోజ్ అనే ఒకే రకం తీపి పదార్థమే. అందులో తేమ అర శాతం కూడా మించదు. బెల్లంలో సుక్రోజ్‌తో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా చెప్పుకోదగినంత ఉంటాయి, గట్టి బెల్లంలో 10 శాతం వరకు తేమను మన ఆహార నిబంధనలే అనుమతిస్తున్నాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఈ రెండూ పాకాన్ని స్ఫటికాలు కట్టనివ్వవు, గాలిలోని తేమను లాగుతాయి. అందుకే బెల్లంతో చేసిన పాలపొడి చాక్లెట్ పరిచిన రోజు బాగానే ఉన్నా రెండో నాటికి మెత్తబడుతుంది. ఈశాన్య రుతుపవనాలతో మనకు వానలు ముదిరే నవంబరులో అయితే పొట్లం కాగితానికి అంటుకుపోయి ఊడిరాదు.

పాల సంగతి ఇంతకన్నా ముఖ్యం. పరమాన్నం వండేవారందరికీ తెలిసిన జాగ్రత్త ఒకటి ఉంది: మరుగుతున్న పాలలో బెల్లం వేయకూడదు, పొయ్యి ఆపి, వేడి తగ్గాకే కలపాలి. బెల్లానికి కొంత ఆమ్ల గుణం ఉంది. ఆమ్లతకు వేడి తోడైతే పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు విరిగిపోతుంది. పాలపొడిలోనూ ఉన్నది ఆ కేసినే. పైగా క్షార చికిత్స చేయని సహజ కోకో పొడి కూడా ఆమ్ల స్వభావం గలదే కాబట్టి, ముదురు బెల్లం పాకంలో ఈ రెండు పొడులూ పడినప్పుడు ముద్ద పలుకులు పలుకులుగా మారి, నెయ్యి వేరుగా తేలుతుంది. క్షార చికిత్స చేసిన ముదురు రంగు కోకో వాడితే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. కాబట్టి ఇల్లాలుగారి వంటకానికి చక్కెరే తగినది; అది చక్కెర మీద అభిమానంతో చెబుతున్న మాట కాదు.

పలమనేరు చెరకు రైతు:

అమ్మా, మీ లెక్కలన్నీ ముక్క ఎంత గట్టిగా ఉందన్న దాని చుట్టూనే తిరిగాయి. పిల్లల ఒంటి సంగతి ఎక్కడ? పరమాన్నంలో విరుగుతుందని చెప్పి మనం బెల్లం మానేశామా? పొయ్యి ఆపి కలపడం నేర్చుకున్నాం. ఇక్కడా పాకాన్ని గోరువెచ్చగా చల్లార్చి పాలపొడి కలిపితే సరిపోతుంది, చిటికెడు వంట సోడా వేస్తే ఆమ్లమూ విరుగుతుంది. ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో బెల్లంలోని ఇనుమును వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

పాల శాస్త్ర పట్టభద్రురాలు, తిరుపతి:

గోరువెచ్చని పాకంలో కలిపితే విరగదు, నిజమే. కానీ గట్టిపడదు కూడా. చెంచాతో తినే ముద్దగా మిగులుతుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

ఇనుము విషయంలో మాత్రం నేను గట్టిగా విభేదిస్తాను, అన్నగారూ. బెల్లంలో ఇనుము ఉన్న మాట వాస్తవం. అయితే దానిని దేనితో కలుపుతున్నామో చూడాలి. కోకోలోని పాలీఫినాల్స్, టీలో ఉండేవాటి మాదిరిగానే, మొక్కల నుంచి వచ్చే ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. పాలలోని కాల్షియం కూడా అదే పని చేస్తుంది. అంటే ఇనుము కోసమని బెల్లం వేసి, ఆ ఇనుముకు అడ్డుపడే రెండు పదార్థాలను దానితోనే కలిపి పిల్లలకు పెడుతున్నామన్నమాట. రక్తహీనతకు బెల్లం చాక్లెట్ జవాబు కాదు. ఆకుకూరలు, రాగిసంగటి, వాటితో పాటు నిమ్మరసం, అవసరమైతే వైద్యులు ఇచ్చే ఇనుము మాత్రలు, ఇవీ అందుకు మార్గాలు.

రక్తంలో చక్కెర పెంచడంలో కూడా బెల్లానికి ప్రత్యేక మినహాయింపు లేదు. మధుమేహం ఉన్న పెద్దలు బెల్లమే కదా అని నాలుగు ముక్కలు ఎక్కువ తినడం మన ఇళ్లలో రోజూ చూస్తున్నదే. అసలు చూడవలసినది పరిమాణం. ముప్పావు కప్పు చక్కెర సుమారు 150 గ్రాములు. ముప్పై ముక్కలు చేస్తే ముక్కకు 5 గ్రాములు. బయటి నుంచి చేరే తీపి రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెద్దవారికి చెప్పిన లెక్క. పిల్లలకు అది ఇంకా తగ్గాలి. రెండు ముక్కలతో ఆపగలిగితే చక్కెరైనా భయం లేదు, ఆపలేకపోతే బెల్లమైనా కాపాడదు.

గ్రీమ్స్‌పేట అవ్వ:

నాయనా, అమ్మా, మీ ఇద్దరి వాదం చదివాను. ఇద్దరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. చక్కెర వేసినా బెల్లం వేసినా చాక్లెట్ చెడిపోయేది ఎక్కువగా వంటింటి అలవాట్ల వల్లనే. కోకో, పాలపొడి, వెన్న మూడూ పక్కనున్న వాసనను ఇట్టే పీల్చుకుంటాయి. పొద్దున అల్లం వెల్లుల్లి రుబ్బిన మిక్సీ జారులో, ఎంత కడిగినా, చాక్లెట్ పొడి తిప్పకూడదు. మూత కింది రబ్బరు చుట్టును ఊడదీసి వాసన చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. పోపు పెట్టిన మూకుడు, సాంబారు కలిపిన చెక్క గరిటె కూడా పనికిరావు. ఫ్రిజ్‌లో పులిసిన దోసెపిండి పక్కన మూత లేని పళ్లెంలో చాక్లెట్ పెట్టేవారు ఆ తర్వాత కోకో మంచిది కాదని దుకాణంవాడిని నిందించడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

బెల్లం వాడాలనుకుంటే ముందుగా కొద్ది నీళ్లలో కరిగించి పలుచని గుడ్డలో వడకట్టండి. చెరకు పీచు, ఇసుక లేని బెల్లం నేను ఇంతవరకు చూడలేదు. మరీ పసుపుగా మెరిసే బెల్లం కొనవద్దు. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. గోధుమ రంగు ముదురుగా ఉన్నదే తీసుకోండి.

ఇక పాలపొడిని పక్కన పెట్టండి. బెల్లానికి మన సీమలో ఎప్పటి నుంచో ఉన్న తోడు చెనిక్కాయలు, అంటే వేరుశెనగలు. రెండు కప్పుల చెనిక్కాయ విత్తనాలను సన్నని మంట మీద దోరగా వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారాక ఆగి ఆగి తిప్పి పొడి చేసుకోండి. వేడి మీద తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. ఒక కప్పు బెల్లం, పావు కప్పు నీళ్లు కరిగించి వడకట్టి, నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే మెత్తని ఉండ కట్టే పాకం వచ్చేదాకా కాచండి. పొయ్యి ఆపి రెండు చెంచాల నెయ్యి, మూడు పెద్ద చెంచాల కోకో వేసి గడ్డలు లేకుండా కలిపి, పొడి పోసి పరిచేయండి. చేతికి నెయ్యి రాసుకొని ఉండలుగానైనా చుట్టుకోవచ్చు.

పాల శాస్త్ర పట్టభద్రురాలు, తిరుపతి:

అవ్వగారి పద్ధతిలో శాస్త్రం కూడా సరిగ్గా కుదిరింది. వేరుశెనగలో దాదాపు సగం నూనే ఉంటుంది. ఆ పొడిని పట్టి ఉంచేది నూనె, జిగురు పాకం రెండూ కాబట్టి చక్కెర స్ఫటికాలు కట్టనవసరం లేదు. విరగడానికి పాలు లేవు. బెల్లం పీల్చుకునే తేమ వల్ల ఉండ కొంచెం మెత్తబడినా అది ఇక్కడ లోపంగా అనిపించదు. పాలపొడితో అయితే చక్కెర, వేరుశెనగతో అయితే బెల్లం అన్నది నా అభిప్రాయం. అయితే వేరుశెనగ పడని పిల్లలు ఉంటారు. బడిలో పంచిపెట్టేటప్పుడు ఆ సంగతి ముందుగా అడిగి తెలుసుకోవాలి.

రేణిగుంట బేకరీ పనివాడు:

అవ్వా, ఆ ఉండలను కరిగించిన చాక్లెట్‌లో ముంచి తీస్తే ఇంకా బాగుంటాయి. డిసెంబరు, జనవరిలో మాత్రమే ప్రయత్నించండి. ఎండాకాలంలో చేస్తే చేతులు నాకడమే మిగులుతుంది.

బైరాగిపట్టెడ ఇల్లాలు:

అందరికీ కృతజ్ఞతలు. పాలపొడి చాక్లెట్‌లో చక్కెరే కొనసాగిస్తాను, ముక్కలు మాత్రం చిన్నవి చేస్తాను. అవ్వగారి పద్ధతిని అత్తగారికి చదివి వినిపించాను. చెనిక్కాయల వరకు ఆమెకు అభ్యంతరం లేదు, కోకో మూడు చెంచాలు ఎందుకు, ఒకటి చాలదా అని అడుగుతున్నారు. వానాకాలంలో ఈ ఉండలు ఎన్నాళ్లు నిలవ ఉంటాయో కూడా చెప్పగలరా?

గ్రీమ్స్‌పేట అవ్వ:

ఒక చెంచా వేస్తే అది ఉత్త చెనిక్కాయ ఉండే అవుతుందమ్మా, పిల్లలు చాక్లెట్ ఏదని అడుగుతారు. కనీసం రెండు వేయమని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. వానాకాలంలో తడి లేని స్టీలు డబ్బాలో, గాలి చొరకుండా మూత బిగించి పెడితే వారం దాకా బాగుంటాయి. తీసేటప్పుడు చెయ్యి పొడిగా ఉండాలి. ఆ తర్వాత చెనిక్కాయ నూనె కనరు వాసన వేయడం మొదలవుతుంది, కాబట్టి ఒకేసారి ఎక్కువ చేయకండి.

పలమనేరు చెరకు రైతు:

పాలపొడి విషయంలో నేను ఇంకా ఒప్పుకోలేదు. సంక్రాంతికి కొత్త బెల్లం వస్తుంది. దాని పాకాన్ని బాగా ముదరనిచ్చి, సోడా వేయకుండా, పాలపొడిని ముందుగా నేతిలో కొద్దిగా వేయించి కలిపి చూస్తాను. ముక్క నిలబడిందా లేదా అన్నది ఇక్కడే రాస్తాను.