సమస్య: "పొడవు పగలె చూడ పొట్టి పగలు"

నిర్వాహకుడు:
జూన్ తేదీల ముచ్చట్లు చదువుతుంటే తట్టిన పాదం. పొద్దుటి నుంచి నాలుక మీదే ఆడుతోంది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి.

చకోరం:
జూను నిరువదొకటి సూర్యుడుత్తరమున
నిలిచి వెలుగు పంచు నేల మీద
దక్షిణమున దాని దారి వేరై యుండు
పొడవు పగలె చూడ పొట్టి పగలు

యతిప్రియ:
ఉత్తరార్ధగోళపు పొడవైన పగలే దక్షిణానికి పొట్టిది. అందరూ ఊహించే దారే. కానీ "నిలిచి" బంగారం లాంటి మాట. సూర్యుడు దిక్కు మళ్లే అయనాంతానికి లాటిన్ పేరులో ఉన్నది సూర్యుడు నిలిచిపోవడమే. ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నపు పొద్దు ఎత్తు మారినట్టే కనబడదు. "దారి వేరై యుండు" మాత్రం గణాలు నింపడానికి వచ్చింది.

మేఘమాల:
బావి నీట నాడు భానుండు తోచుట
గాంచి భువిని గొలిచె ఘనుడొకండు
నాడు పొడవదేమి? నడినెత్తి నీడెట్లు?
పొడవు పగలె, చూడ పొట్టి, పగలు

చకోరం:
మేఘమాల గారూ, ప్రశ్నలకు వరుసగా జవాబులు కుదిరాయి. కానీ "గాంచి" ఎలా? బావి ఈజిప్టులోని సయీను ఊళ్లో ఉంది. మీరన్న ఘనుడు, గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ కొలిచింది అలెగ్జాండ్రియాలోని నీడను: వృత్తంలో యాభయ్యో వంతు, అంటే 7.2 డిగ్రీలు. పైగా సయీనులో ఆ వేళకు నీడే ఉండదు. పొట్టి నీడ అలెగ్జాండ్రియాది.

మేఘమాల:
యతి కోసం తెచ్చుకున్న మాట, తప్పు నాదే. "వినియె భువిని గొలిచె విజ్ఞుడొకడు" అని మారుస్తున్నాను. మరి క్రిందటి సమస్యలో "రవియె చేరువైన రగులు నెండ" అన్నది మీరే కదా? జూలై మొదట్లో సూర్యుడు మనకు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, జనవరి మొదట్లో 14.7 కోట్ల దూరంలో. వేసవి వచ్చేది భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరగడం వల్ల. ఆ పాదం ఇంకా అలాగే ఉంది.

గణపాఠి:
ఏండ్లు పోరిరెంతొ యిరుదేశములవారు
ఒక్కనాటి పోరె యుడిపె దాని
జూను నెలను జరిగె సుడివోలె వాటర్లు
పొడవు పగలె చూడ పొట్టి పగలు

యతిప్రియ:
పగకు బహువచనం! రెండుసార్లు చదివాక గాని వెలగలేదు. 1793లో మొదలైన ఆంగ్ల–ఫ్రెంచి పోరు 1815 జూన్ 18న, నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధంతో, ఒక్క పగటిలో తేలిపోయింది. ఇన్నాళ్ల సమస్యల్లో ఇంత చక్కని విరుపు నేను చూడలేదు. అయితే వాటర్లూ చివరి దీర్ఘం ఏమైంది? సాయంకాలానికి వచ్చి యుద్ధాన్ని తిప్పిన జర్మన్ రాజ్యం ప్రష్యా సేన "ఇరుదేశముల"లో ఎక్కడ?

గణపాఠి:
దీర్ఘం ఉంచితే మూడక్షరాలూ గురువులై, అక్కడ రావలసిన ఇంద్రగణం చెడుతుంది, అందుకే తగ్గించాను. ప్రష్యా మాట నిజం. "ఏండ్లు పోరిరెంతొ యిల నేలు రాజులు" అని చదువుకోండి.

చకోరం:
మేఘమాల గారూ, పాత పాదం సవరించాను: "రవియె దూరమైన రగులు నెండ". ఒక్క మాటే మారింది, యతి కదలలేదు.