పెద్ద పేరున్నవారి మాటకు రుజువు అడగాలా, అక్కర్లేదా?

తులామానం:
తన రంగంలో ఎదురులేని మనిషి కొత్త సంగతి చెబితే "రుజువేది?" అనడం అమర్యాద అని కొందరి వాదన. నేను ఒప్పుకోను. 1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో రెనే బ్లాండ్లో ఎన్-కిరణాలనే కొత్త రకం కిరణాలు కనిపెట్టానని ప్రకటించాడు. అప్పటికే మంచి పేరున్న భౌతిక శాస్త్రవేత్త. చాలామంది తమకూ కనిపించాయన్నారు. 1904లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ అక్కడికి వెళ్లి, ఆ కిరణాలను విడదీస్తుందన్న అల్యూమినియం పట్టకాన్ని చీకటి గదిలో చెప్పకుండా పరికరంలోంచి తీసేశాడు. అయినా అవే కొలతలు వినిపించాయి! మోసం కాదది. ఆ కిరణాలు పడితే మసక వెలుగు కాస్త పెరుగుతుందట. పెరిగిందా లేదా అన్నది ఒట్టి కంటితో తేల్చాలి. ఏం కనబడాలో ముందే తెలిసిన కన్ను దాన్నే చూస్తుంది.

గణాంక:
అన్నిటికీ ప్రయోగశాలకు పరుగెత్తలేం కదండీ. పేరంటే ఇన్నాళ్లూ తప్పులు తక్కువ చేశారన్న లెక్క. దాన్ని సున్నా చేస్తే ఎలా? అనుమానించినవాళ్లూ బోల్తాపడ్డారు. 1912లో వెగెనర్ ఖండాలు కదులుతున్నాయంటే, భూగర్భ శాస్త్రం వాతావరణ పరిశోధకుడికెందుకు అన్నారు. 1960లలో గానీ ఆ మాట నిలబడలేదు.

తులామానం:
గణాంక గారూ, ఆ ఉదాహరణ నా వైపే మొగ్గుతోంది. వాళ్లు తూచింది మనిషిని. అట్లాంటిక్‌కు రెండు పక్కలా దొరికిన ఒకే రకం శిలాజాలను పక్కన పెట్టేశారు. ఖండాలను నెట్టే బలం ఏదన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. దానికి వెగెనర్ దగ్గర సరైన జవాబు లేదు.

నీలిసిరా:
పేరు ఎంతదూరం పనికొస్తుందో చూడాలి. లైనస్ పౌలింగ్‌కు 1954లో రసాయన శాస్త్రంలో నోబెల్, 1962లో శాంతి బహుమతి. రోజూ గ్రాముల కొద్దీ విటమిన్ సి తీసుకుంటే జలుబు రాదని 1970 నుంచి గట్టిగా చెప్పాడు. పరీక్షల్లో మామూలు జనానికి జలుబు రావడం తగ్గలేదు. రోజూ తీసుకునే పెద్దవాళ్లలో వచ్చిన జలుబు 8% త్వరగా పోయింది, అంతే. వారం జలుబుకు సగం రోజన్నమాట. పోనీ, ఇది ఆయన రంగం కాదనుకుందాం. స్ఫటికాలు ఆయన సొంత రంగమే కదా! డాన్ షెక్ట్‌మన్ అనే శాస్త్రవేత్త 1982లో చూసిన క్వాసీ స్ఫటికాలు (అణువులు క్రమంగానే ఉన్నా, ఒకే అమరిక మళ్లీ మళ్లీ రానివి) అసలు లేవన్నాడు పౌలింగ్. వాటిని కనిపెట్టినందుకే షెక్ట్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

గణాంక:
సరే, ఆ మేరకు ఒప్పుకుంటాను. మరి అనుమానించేవారు కూడా లెక్క చూపాలి. "నమ్మబుద్ధి కావట్లేదు" అంటే అది వాదన కాదు. ఏం అడగాలో చెప్పండి.

తులామానం:
మొదట, దేనిలో ఎంత అని. "ముప్పు 50% తగ్గింది" అంటే వెయ్యిమందిలో 2 నుంచి 1కి కావచ్చు, 200 నుంచి 100కి కావచ్చు. మొదటిదైతే ఒక్కరికి మేలు జరగడానికి వెయ్యిమంది వాడాలి. "దుష్ఫలితం ఒక్కటీ లేదు" అంటే ఎంతమందిలో? 3ని ఆ సంఖ్యతో భాగించండి. 30 మందిలో సున్నా వచ్చినా అసలు రేటు 10% దాకా ఉండొచ్చు. 300 మందిలోనైతే 1% దాకా. ఇది 95% నమ్మకంతో చెప్పే హద్దు.

ఇక "నాకు తేడా తెలుస్తుంది" అనేవారికి గుడ్డి పరీక్ష. నాణెం ఎగరేసి, బొమ్మయితే పట్టకం ఉంచాలి, బొరుసైతే తీయాలి. చూసేవారికి చెప్పకూడదు. నాణెం వేసినవారు ఆ గదిలో ఉండకూడదు, ముఖం చూసి పసిగట్టేస్తారు. ఇలా 20 సార్లు. ఊహతోనే 10 దాకా సరిపోతాయి. 15 లేదా అంతకు మించి రావడం వందలో 2 సార్లే.

నీలిసిరా:
20 అనే సంఖ్య మొదలుపెట్టకముందే రాసి పెట్టుకోవాలి. చెడ్డ ఫలితం వచ్చినప్పుడల్లా "ఇంకో ఐదు చూద్దాం" అంటూ సాగదీసి, బాగున్నచోట ఆపితే ఆ 2 ఎంతో పెరిగిపోతుంది.

గణాంక:
అయితే నాదొక షరతు. 15 లేదా అంతకు మించి వస్తే ఒప్పుకుంటామని అనుమానించేవారు కూడా అదే కాగితం మీద ముందే రాయాలి.