ప్రవాస కళాకారుల మేళవింపు అపచారమా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ): డల్లాస్‌లో ఉంటున్న మా మేనకోడలు ఇత్తడి పళ్లెం అంచులపై నిలబడి చేసే కూచిపూడి నృత్యాంశమైన తరంగానికి మృదంగంతో పాటు చెల్లో అనే పాశ్చాత్య తంత్రీవాద్యాన్ని జోడించింది. ఇంట్లో పెద్దలు అపచారమంటున్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు): ఆ మాట తొందరపాటేనండీ. ఒకప్పుడు మగవారే ఆడవేషాలు కట్టిన కూచిపూడిని వెంపటి చినసత్యం గారు మద్రాసులో ఎందరో ఆడపిల్లలకు నేర్పారు. లండన్‌లో పుట్టిన అక్రమ్ ఖాన్ కూడా చిన్ననాటి నుంచి ఉత్తరాది నృత్యమైన కథక్ అభ్యసించి, ఆ తరువాతే దానిని సమకాలీన నృత్యంతో కలిపారు.

జవాబు (పటమట, విజయవాడ): లాహోర్‌లో సూక్ష్మచిత్రలేఖనం నేర్చి, 1995లో అమెరికాలో ఎం.ఎఫ్.ఏ. (లలితకళల్లో మాస్టర్స్) చేసిన చిత్రకారిణి షాజియా సికందర్ ఆ పనితనాన్నే యానిమేషన్‌లోకి తీసుకువెళ్లారు. అయితే పళ్లెం మీద జతులు (తాళానికి తగిన అడుగుల వరుసలు) తప్పితే ఏ చెల్లో కాపాడలేదు.

ప్రశ్నించినవారు: వీడియో మళ్లీ చూశాను. జతులు సరిగానే పడ్డాయి కాని, చెల్లో మృదంగాన్ని మింగేసింది. అమ్మాయికి ఆ సంగతే చెబుతాను.