రెండు ట్రిగ్గర్ల పాత రైఫిల్: వానలు పట్టాక సెట్ నిలవడం లేదు, ఏం చెయ్యాలి?

సువర్ణముఖి_గట్టు

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. తాతగారి నుంచి నాన్నగారికి, నాన్నగారి నుంచి నాకు లైసెన్సుతో సహా వచ్చిన రైఫిల్ ఒకటి ఉంది. మూతి నుంచి మందు కూరి, క్యాప్ పెట్టి పేల్చే రకం. ట్రిగ్గర్లు రెండు. వెనకది లాగితే క్లిక్‌మని నిలుస్తుంది, దీన్నే సెట్ చెయ్యడం అంటారు. ఆ తర్వాత ముందుదాన్ని వేలితో తాకితే చాలు, హేమర్ పడుతుంది. సెట్ చెయ్యకుండా ముందుది ఒక్కటే గట్టిగా లాగినా పడుతుంది.

ఎండాకాలమంతా బాగానే ఉంది. వానలు పట్టాక వెనక ట్రిగ్గర్ ఒకసారి నిలుస్తోంది, ఒకసారి క్లిక్ అనకుండానే వెనక్కి జారిపోతోంది. దానికి తోడు, సెట్ చేసి తాకినప్పుడు హేమర్ ఒక్కోసారి కిందిదాకా పడకుండా హాఫ్ కాక్ (హేమర్ సగంలో నిలిచే చోటు) దగ్గరే ఆగిపోతోంది. రెండు ట్రిగ్గర్ల మధ్య చిన్న స్క్రూ ఉంది. అది బిగిస్తే సరిపోతుందని మా ఊరాయన ఒకరు అంటున్నారు. నేనింకా ముట్టుకోలేదు.

ఆమదాలవలస_మాజీ

తమ్ముడూ, ముట్టుకోకపోవడమే మంచిదయింది. స్క్రూ సంగతి తర్వాత. ముందు గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడు. ఇలాంటి ఇంటి తుపాకుల్లో ఎప్పుడో కూరిన మందు, గుండు అలాగే ఉండిపోవడం మామూలే. మందు పొడిగా ఉంటే ఎన్నేళ్ళయినా పేలుతుంది.

రామ్‌రాడ్ (మందు కూరే కడ్డీ) మెల్లగా లోపలికి దించి, మూతి దగ్గర రాడ్ మీద పెన్సిల్‌తో గీత పెట్టు. బయటికి తీసి, ఆ గీత మూతికి సరిపోయేలా గొట్టం పక్కన ఆనించు. రాడ్ కొస నిపిల్ (క్యాప్ తొడిగే చిన్న మొన) దాకా వస్తే ఖాళీ. రెండు మూడంగుళాలు ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. అప్పుడు ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు, లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే తీసుకెళ్ళాలి.

ఖాళీ అని తేలాక కూడా ఉత్త నిపిల్ మీద హేమర్ పడనివ్వకు, నిపిల్ మూతి చదునైపోతుంది. మధ్యలో మందపాటి తోలుముక్క పెట్టి చూడు. క్యాప్‌లు ఆ గదిలోనే ఉండకూడదు.

టెక్కలి_ఇండియానా

నాది టెక్కలి, ఉద్యోగం ఇండియానాలో. ఇక్కడ ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్ళో ఈ రకం తుపాకులవాళ్ళ పోటీలు జరుగుతాయి. సెట్ ట్రిగ్గర్లు విప్పి చూసే అవకాశం నాకు అక్కడే దొరికింది.

లోపల జరిగేది ఇది. వెనక ట్రిగ్గర్‌కి లోపలివైపు ఒక లీవర్ ఉంటుంది, దాని కింద బలమైన స్ప్రింగ్. వెనకది లాగితే లీవర్ స్ప్రింగ్‌ని నొక్కుకుంటూ కిందికి దిగి, ముందు ట్రిగ్గర్ మీదున్న కొక్కేనికి తగులుకుంటుంది. మీకు వినపడే క్లిక్ అదే. ముందుది తాకగానే కొక్కెం తప్పుకుంటుంది, లీవర్ ఎగిరి లాక్‌లోని (హేమర్‌ని నడిపే యంత్రంలోని) సియర్ తోకని కింద నుంచి కొడుతుంది. ఎత్తిన హేమర్‌ని పట్టి ఉంచే ముక్కే సియర్. ఆ దెబ్బకి సియర్ లేస్తుంది, హేమర్ పడుతుంది. అంటే మీ వేలు సియర్‌ని కదపడం లేదు, కొక్కేన్ని తప్పిస్తోంది అంతే. వేలికి అంత తేలిగ్గా ఉండేది అందుకే.

మధ్యలో స్క్రూ పని, ఆ కొక్కెం ఎంత లోతుగా పట్టుకోవాలో నిర్ణయించడం. చాలా వాటిలో లోపలికి తిప్పితే పట్టు తగ్గి ట్రిగ్గర్ తేలికవుతుంది, బయటికి తిప్పితే బరువెక్కుతుంది. మీకు సెట్ అసలే నిలవడం లేదు. ఊరాయన మాట విని బిగిస్తే ఉన్న పట్టు కూడా పోతుంది.

సెట్ చెయ్యకుండా కూడా పేలుతోందన్నారు కాబట్టి మీది రెండు లీవర్ల రకం, అంటే ముందు ట్రిగ్గర్‌కి కూడా సియర్‌ని ఎత్తే లీవర్ ఉంటుంది. ఒకే లీవరున్న రకమైతే సెట్ చెయ్యకపోతే హేమర్ ఫుల్ కాక్‌లో (పూర్తిగా ఎత్తిన చోట) నిలవనే నిలవదు. అది రిపేరు అనుకుని చాలామంది కంగారు పడతారు, దాని తీరే అంత.

సాలూరు_ఘాట్

మా మావయ్య తుపాకీకి ఇదే జరిగితే కొక్కెం అంచుని సన్న ఆకురాయితో రెండు రుద్దులు రుద్దారు. మళ్ళీ పట్టింది. అదీ చూడొచ్చు కదా?

నెల్లిమర్ల_లేత్

వద్దు సార్, దయచేసి ఆ సలహా ఎవరూ పాటించకండి. నేను మెషీన్ షాపులో పనిచేస్తాను. పాత లాకుల్లో సియర్, టంబ్లర్ (హేమర్‌తో పాటు తిరిగే లోపలి ముక్క), ఈ కొక్కేలు చాలావరకు పైపొర మాత్రమే గట్టిపరిచిన ఇనుము. ఆ పొర కాగితమంత మందం ఉంటుంది. ఆకురాయితో అది పోయాక లోపలున్నది మెత్తటి ఇనుమే. కొన్నాళ్ళు బాగా పడుతుంది, తర్వాత అంచు గుండ్రంగా అరిగిపోతుంది. అప్పుడు ఎవరూ తాకకుండానే పేలే ప్రమాదం ఉంది.

చట్టం సంగతి కూడా ఉంది. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకులు రిపేరు చేసి ఇచ్చేవాళ్ళకి దానికి వేరే లైసెన్సు ఉండాలి. మన తుపాకీని మనం తుడుచుకోవడం, స్క్రూ సరిచూసుకోవడం వేరు. లేత్ ఉంది కదా అని నాలాంటివాళ్ళు చెయ్యి పెట్టడం వేరు. నన్ను అడిగినవాళ్ళకి నేను ఇదే చెప్పి పంపిస్తాను.

ఆమదాలవలస_మాజీ

ఎండాకాలం బాగుంది, వానాకాలం పాడైంది అన్నావు చూడు, జబ్బు ఇనుములో లేదు, కర్రలో ఉంది. జూలై, ఆగస్టుల్లో మన వైపు తలుపులే బిగుసుకుపోతాయి. తుపాకీ కర్ర లోపల ట్రిగ్గర్ల కోసం తొలిచిన గాడికి వార్నిష్ ఉండదు, పచ్చి కర్రలా తేమ పీలుస్తుంది. గాడి గోడలు ఉబ్బి లీవర్‌ని పక్కల నుంచి పట్టుకుంటాయి. లీవర్ పూర్తిగా దిగలేకపోతే కొక్కేనికి అందదు. ఒకవేళ అందినా, ఎగిరేటప్పుడు రాసుకుని దెబ్బలో బలం పోతుంది.

పరీక్ష చెప్తాను. గొట్టం వెనక తోక మీద నుంచి ట్రిగ్గర్ ప్లేట్‌లోకి (ట్రిగ్గర్లు బిగించిన ఇనుప పలకలోకి) దిగే పెద్ద స్క్రూ ఉంటుంది. దాన్ని అర చుట్టు వదులు చేసి సెట్ చేసి చూడు. స్క్రూ డ్రైవర్ కొన గాడిలో నిండుగా కూర్చోవాలి, లేకపోతే గాడి చెదిరిపోతుంది. వదులు చేశాక ప్రతిసారీ నిలిస్తే కర్రదే తప్పని తేలినట్టే.

సువర్ణముఖి_గట్టు

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. గొట్టం ఖాళీయే, గీత పెట్టి చూశాను. స్క్రూ అర చుట్టు వదిలాక సెట్ ప్రతిసారీ నిలుస్తోంది! మళ్ళీ బిగిస్తే మళ్ళీ జారుతోంది. మరి అలా వదులుగా ఉంచెయ్యొచ్చా?

ఆమదాలవలస_మాజీ

ఉంచకూడదు. గొట్టాన్ని కర్రకి పట్టి ఉంచే స్క్రూల్లో అదొకటి. అది వదులుగా ఉంటే పేలిన దెబ్బంతా కర్ర మీద పడి, తోక దగ్గర చీలిక వస్తుంది.

ట్రిగ్గర్ ప్లేట్ బయటికి తీసి, లీవర్ పక్కలకీ పై అంచుకీ కాటుక పల్చగా రాయి. తిరిగి పెట్టి, స్క్రూ పూర్తిగా బిగించి, వెనక ట్రిగ్గర్ నాలుగైదు సార్లు లాగి వదులు. మళ్ళీ తీసి టార్చి వేసి గాడిలోకి చూడు. ఎక్కడ రాసుకుంటోందో అక్కడ నల్ల మచ్చ కనిపిస్తుంది. పదునైన చిన్న బ్లేడుతో ఆ మచ్చ మీద మాత్రమే గీకు. తవ్వకూడదు, పొడి రాలితే చాలు. మళ్ళీ కాటుక, మళ్ళీ చూపు. మచ్చ పడడం మానేశాక ఆపెయ్యి. గాడి అడుగు మాత్రం ముట్టుకోకు. ప్లేట్ పైకి వెళ్ళిపోతే లీవర్లు సియర్‌ని ఎప్పుడూ ఎత్తిపట్టి ఉంచుతాయి, హేమర్ నిలవదు.

గీకిన చోట అవిసె నూనె పల్చగా రెండు పూతలు పూసి ఆరనివ్వు. తర్వాత తేమ అంత తొందరగా ఎక్కదు. ఆరబెట్టాలని ఎండలో మాత్రం పెట్టకు, పాత కర్ర బీటలిస్తుంది.

టెక్కలి_ఇండియానా

బాబాయ్ చెప్పిన కాటుక పద్ధతి చాలా బాగుంది. ఇక్కడ దీపం మసితో చేస్తారు.

ఇక రెండో సమస్య, హాఫ్ కాక్ దగ్గర ఆగడం. ఒక్క ప్రశ్న: సెట్ చెయ్యకుండా ముందు ట్రిగ్గర్ గట్టిగా లాగినప్పుడు కూడా ఆగుతోందా?

సువర్ణముఖి_గట్టు

లేదండీ. అప్పుడు పూర్తిగా పడుతోంది. సెట్ చేసి తాకితేనే ఆగుతోంది.

టెక్కలి_ఇండియానా

అయితే టంబ్లర్‌లోని ఫ్లై చూడాలి. టంబ్లర్ పక్కన గుంటలో నువ్వుగింజంత ముక్క ఒకటి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, అదే ఫ్లై. గట్టిగా లాగినప్పుడు మీ వేలు సియర్‌ని ఎత్తే ఉంచుతుంది కాబట్టి హాఫ్ కాక్ గాడి దాటిపోతుంది. సెట్ చేసినప్పుడు లీవర్ ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది. సియర్ వెంటనే కిందికి వచ్చి హాఫ్ కాక్ గాడిలో పడబోతుంది. ఆ గాడి మీద అడ్డుగా నిలబడి సియర్‌ని దాటించేదే ఫ్లై. అది అతుక్కుపోయినా, ఎవరో విప్పి తిరిగి పెట్టకపోయినా మీకు కనిపించే లక్షణమే కనిపిస్తుంది. సరిచేసేదాకా సెట్ చేసి హేమర్ పడనివ్వకండి. సియర్ ముక్కు ఆ గాడికి తగిలి విరుగుతుంది.

లాక్‌లో ఏ నూనె వేస్తున్నారు?

సువర్ణముఖి_గట్టు

నాన్నగారి కాలం నుంచీ కొబ్బరి నూనే.

కవిటి_తోట

మాది ఉద్దానం, కొబ్బరి మధ్యే పుట్టి పెరిగాం. వంటకీ తలకీ దాన్ని మించింది లేదు, కానీ ఇనుప యంత్రాల్లో వెయ్యకూడదు. 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది. పాతబడితే జిగురవుతుంది, దుమ్ము పట్టి లక్కలా అంటుకుంటుంది. కిరసనాయిల్లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడగండి. తర్వాత కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు.

మా వాళ్ళొకరు ఇదే సమస్యతో తుపాకీని ఒక షాపులో ఇస్తే, ఫ్లై తీసేసి తిరిగి ఇచ్చారు. "ఆ ముక్క అక్కర్లేదు" అన్నారట. సియర్ ముక్కు పెచ్చు లేచిపోయింది. ఇచ్చేముందు లాక్ లోపలి భాగాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

నెల్లిమర్ల_లేత్

కడిగేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరుచుకోండి. ఆ ముక్క కింద పడితే దొరకదు. మెయిన్ స్ప్రింగ్‌ని (హేమర్‌ని విసిరే పెద్ద స్ప్రింగ్‌ని) ఉత్త చేత్తో లాగకండి, దానికి బిగింపు పనిముట్టు ఉంటుంది. అది లేకపోతే లాక్ మొత్తాన్ని నానబెట్టి కడిగితే చాలు, చాలాసార్లు దాంతోనే ఫ్లై కదులుతుంది.

సువర్ణముఖి_గట్టు

కర్ర మీద ఎడమ గోడకి ఒకచోట, పైన ఒకచోట మచ్చ పడింది. గీకి నూనె పూశాను. స్క్రూ పూర్తిగా బిగించినా సెట్ నిలుస్తోంది. లాక్ విప్పకుండా రాత్రంతా కిరసనాయిల్లో ఉంచితే బెల్లం రంగు జిగురు దిగింది, ఫ్లై సూదిమొనతో తాకితే కదులుతోంది. హేమర్ ఆగడం లేదు. ఇక మధ్య స్క్రూ ఎంతలో ఉంచాలి? ఎంత తేలికైతే అంత గురి కుదురుతుంది అంటారు కదా?

టెక్కలి_ఇండియానా

పోటీలో బల్ల ముందు నిలబడి, మూతి టార్గెట్ వైపే ఉంచి సెట్ చేసేవాళ్ళకి ఆ మాట సరిపోతుంది. నేనూ తేలిగ్గానే ఉంచుకుంటాను.

ఆమదాలవలస_మాజీ

ఇంటి తుపాకీకి అది కుదరదు తమ్ముడూ. ముందు స్క్రూని బాగా బయటికి తిప్పు, ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున లోపలికి తెస్తూ, ప్రతిసారీ ఖాళీ తుపాకీని సెట్ చేసి, హేమర్ కింద తోలుముక్క ఉంచి, బట్ మడమని (భుజానికి ఆనే కర్ర కొసని) అరచేత్తో గట్టిగా చరుచు. తర్వాత రబ్బరు చాప మీద నిలువుగా తాటించు. హేమర్ ఒక్కసారి పడినా అర చుట్టు వెనక్కి తిప్పి అక్కడే ఆపు. వేలికి కొంచెం బరువు తెలియాలి.

సెట్ చేశాక పేల్చకూడదనుకుంటే, మూతి ఎవరూ లేని వైపు ఉంచి, ముందు క్యాప్ తీసెయ్యి. హేమర్‌ని బొటనవేలితో గట్టిగా పట్టుకో. వెనక ట్రిగ్గర్‌ని వేలితో ఆపి పట్టుకుని ముందుది నొక్కి, రెండింటినీ మెల్లగా వదులు. సెట్ చేసి గోడకి ఆనించడం, సెట్ చేసి నడవడం ఎప్పుడూ వద్దు.

సువర్ణముఖి_గట్టు

అలాగే చేశాను బాబాయ్. చరిచినా తాటించినా నిలిచింది. ఆ స్క్రూ తనంతట తాను కదిలిపోదా?

నెల్లిమర్ల_లేత్

కదులుతుంది. తల మీద గోళ్ళరంగు ఒక చుక్క వెయ్యండి. రంగు పగిలి కనిపించిన రోజున బట్ చరిచే పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చెయ్యండి.