మాక్బెత్ పాము: స్కార్చ్డా, స్కాచ్డా?

పాత బెంచీ: షేక్‌స్పియర్ 'మాక్బెత్' నాటకం మూడో అంకం, రెండో రంగం. మాక్బెత్ భార్యతో అనే మాట. డిగ్రీలో మా లెక్చరర్ గారు 'వియ్ హావ్ స్కాచ్డ్ ద స్నేక్, నాట్ కిల్డ్ ఇట్' అనే చదివేవారు. నిన్న కొత్త ఎడిషన్ తిరగేస్తే 'స్కార్చ్డ్' అని ఉంది. ఈ ర ఎక్కణ్ణించి ఊడిపడింది? రేపు ఇదే పాఠం చెప్పాలి. తెలుగులో స్కార్చ్డ్ అనుకుని కమిల్చామనాలా, స్కాచ్డ్ అనుకుని గాటు పెట్టామనాలా?

నిఘంటువు పిచ్చి: ఊడిపడలేదండీ, ముందునించీ ఉన్నదే. 1623 ఫోలియోలో, అంటే షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటంలో, స్కార్చ్డ్ అనే అచ్చయింది. దాన్ని పీకేసింది థియోబాల్డ్ అనే సంపాదకుడు, 1733లో. ఈ నాటకానికి క్వార్టో (అంతకుముందే విడిగా అచ్చయిన చిన్న ప్రతి) లేదు కనక సరిచూసుకుందామన్నా ఇంకో పాఠం దొరకదు.

గోదారి గట్టు: థియోబాల్డ్‌ని అలా తీసిపారేయకండి సార్. హెన్రీ ద ఫిఫ్త్ నాటకంలో ఫాల్‌స్టాఫ్ చావు ఘట్టంలో 'టేబుల్ ఆఫ్ గ్రీన్ ఫీల్డ్స్' అన్న అయోమయాన్ని 'బాబుల్డ్' (గొణిగాడు) అని దిద్ది నిలబెట్టింది ఆయనే. కవి పోప్ వేసిన షేక్‌స్పియర్ ఎడిషన్‌లో తప్పులు పట్టినందుకు పోప్ కక్షగట్టి 1728లో డన్సియాడ్ అనే వెక్కిరింపు కావ్యం రాసి ఈయన్ని మందమతుల మహారాజుని చేశాడు.

నిఘంటువు పిచ్చి: పోప్ పగ సంగతి సరే, ఇక్కడ దిద్దాల్సిన అవసరమేముందని నా గొడవ. ఆ రోజుల్లో స్కార్చ్‌కి గాటు పెట్టడమనే అర్థం కూడా ఉండేది. గీత గీయడమనే అర్థమున్న స్కోర్ అన్న మాటకి చుట్టం. దిద్దినా దిద్దకపోయినా కత్తిగాటే.

ఇంగ్లీషు మేష్టారు: తరవాతి మాట చూడండి, 'షీల్ క్లోజ్'. తెగింది అతుక్కుంటుందని. కాలిన చర్మం గురించి ఎవరూ అలా అనరు. గాటే, అనుమానం లేదు.

గోదారి గట్టు: మేష్టారూ, మరి కామెడీ ఆఫ్ ఎర్రర్స్ ఐదో అంకం? నీ మొహం 'స్కార్చ్' చేస్తానని మొగుడు శపథం పట్టాడని నౌకరు వచ్చి చెప్తాడు. కాస్త ముందే పించ్ అనే భూతవైద్యుడి గడ్డానికి కొరివి పెట్టి కాల్చిన ముచ్చట కూడా వాడే చెప్తాడు. మంట రగులుతుండగా అక్కడ గాటెలా అవుతుంది?

ఇంగ్లీషు మేష్టారు: అక్కడా స్కాచ్ అని దిద్దినవాళ్ళున్నారు.

గోదారి గట్టు: దిద్దడానికేం, చేతిలో కలముంటే చాలు.

చేపల పులుసు: షేక్‌స్పియర్ కొరియోలేనస్ నాటకాన్ని మర్చిపోయారు. కోరియోలై ఊరి ముందు శత్రువుని కార్బొనాడోలా 'స్కాచ్డ్ అండ్ నాచ్డ్' అని నౌకర్లు మాట్లాడుకుంటారు. కార్బొనాడో అంటే గాట్లు పెట్టి నిప్పుల మీద కాల్చిన మాంసం. మనం కొర్రమీనుకి అడ్డంగా గాట్లు పెట్టి కారం పట్టించి పెనం మీద వేస్తామే, ఆ వరస. గాటు ముందు, సెగ తరవాత. రెండూ ఒక్క వంటకంలోనే ఉంటే మీకెందుకింత తగువు?

తొక్కుడుబిళ్ళ: హాప్‌స్కాచ్‌లో స్కాచ్ కూడా నేల మీద గీసిన గీతేనండోయ్. స్కాట్లండ్‌తో, విస్కీతో సంబంధం లేదు. పుకారుని స్కాచ్ చేయడం (అణిచేయడం) అనే నేటి వాడుకకి మాత్రం థియోబాల్డ్ దిద్దుబాటే మూలం.

కాటుక కళ్ళు: తెలుగులో 'వాత' ఉండగా వెతుకులాట దేనికి? కర్రు కాల్చి వాత పెడితే కాలుతుంది, గీతా పడుతుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటే ఆ చారల కోసమే కదా. 'పాముకి వాత పెట్టామే గానీ చంపలేదు.' ర ఉన్నా లేకపోయినా సరిపోతుంది.

ఇంగ్లీషు మేష్టారు: బాగుంది గానీ, వాత బుద్ధి రావడానికి పెడతారు. మాక్బెత్ భయమల్లా ఆ పాముకి పాత కోర ఇంకా ఉందనే. వాతలో బెత్తం పట్టుకున్న పెద్దరికం ధ్వనిస్తుంది. ఒప్పుకోను.

కాటుక కళ్ళు: హంతకుడికి పెద్దరికం ఉండకూడదా? రాజు డంకన్‌ని చంపి సింహాసనం ఎక్కి కూర్చున్నాడు మరి.

తిక్కన భక్తుడు: సెగ తగిలి తప్పించుకున్న పాము కావాలంటే మనకే ఉంది. ఖాండవ దహనంలో తల్లి పోయింది, అశ్వసేనుడు బయటపడ్డాడు. ఎన్నాళ్ళకో కర్ణుడి బాణంలో దూరి అర్జునుడి మీదికి వచ్చాడు. కృష్ణుడు రథాన్ని నేలలోకి తొక్కబట్టి కిరీటంతో పోయింది. ఆదిపర్వంలో నన్నయ వదిలిన పాముని కర్ణపర్వంలో తిక్కన పట్టుకోవడం గొప్పగా లేదూ?

గోదారి గట్టు: తిక్కన పట్టుకోవడమేంటి, వ్యాసుడిలో ఉన్నదేగా!

తిక్కన భక్తుడు: కథ వ్యాసుడిదే. చెప్పిన తీరు ఎవరిది? కర్ణపర్వం ఒకసారి తీయండి, మాట్లాడదాం.

పాత బెంచీ: అయ్యా, బోర్డు మీద ఏది రాయమంటారు?

చేపల పులుసు: పిల్లల చేతిలో ఏ ఎడిషన్ ఉంటే అదే రాయండి.

నిఘంటువు పిచ్చి: స్కార్చ్డ్ అని రాసి పక్కన గాటు అనండి.

ఇంగ్లీషు మేష్టారు: స్కాచ్డ్ అని రాయండి. పరీక్షలో అదే వస్తుంది.