సమీకరణాలు సాధించడానికి సులువైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది?

కావలి ట్యూషన్ మాస్టారు:
అందరికీ నమస్కారం. టెన్త్, ఇంటర్ పిల్లలకు ఇంటి దగ్గర లెక్కలు చెప్తుంటాను. పాత విండోస్ కంప్యూటర్ ఒకటుంది, సాయంత్రమైతే నెట్ నిలవదు. వర్గ సమీకరణాలు, రెండు మూడు చరరాశుల లెక్కలు సరిచూసుకోడానికి ఏదైనా కావాలి. ఫోటో తీస్తే లెక్కంతా చేసిపెట్టే యాప్ వద్దు. పిల్లలు దాన్ని చూసి నోట్సులోకి ఎక్కించేస్తున్నారు, పరీక్షలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. చూస్తుంటే బాధగా ఉంది.

ఒంగోలు బీటెక్ థర్డ్ ఇయర్:
సార్, జియోజీబ్రా పెట్టుకోండి. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టింది. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, ఫోన్‌లోనూ ఉంది. అందులో క్యాస్ అనే కిటికీ తెరిచి, సాల్వ్ అని రాసి, బ్రాకెట్లో సమీకరణం ఇస్తే చాలు.

ఎక్స్ క్యూబ్ – 6 ఎక్స్ స్క్వేర్ + 11 ఎక్స్ – 6 = 0 ఇచ్చి చూడండి, మూలాలు 1, 2, 3 అని వస్తాయి. దాని గ్రాఫ్ కూడా గీయించండి, గీత అడ్డ అక్షాన్ని ఆ మూడు చోట్లా కోస్తుంది. ఇప్పుడు చివరి –6ని +6 చేయండి. గీత మొత్తం పైకి జరిగి, సున్నాకు ఎడమవైపు ఒక్కచోటే కోస్తుంది. మిగతా రెండు మూలాలు ఎటు పోయాయని పిల్లలే అడుగుతారు. సంకీర్ణ సంఖ్యలు చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

నెల్లూరు డిగ్రీ లెక్చరర్:
జియోజీబ్రా మంచిదే. కానీ అది ఉచితం అన్నది వ్యాపారం కాని వాడకానికి. మీది ఫీజు తీసుకునే ట్యూషన్ కదా, షరతులు ఒకసారి చదువుకోండి మాస్టారూ.

నా ఓటు మాక్సిమాకి, అది కూడా సమీకరణాలు సాధించే ఉచిత సాఫ్ట్‌వేరే. దీని పూర్వీకురాలు 1960ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైన మాక్‌సిమా (Macsyma). దాని ఒక ప్రతిని విలియం షెల్టర్ 1982 నుంచి 2001లో చనిపోయేదాకా కాపాడుకొచ్చారు. అందరికీ ఉచితంగా పంచడానికి 1998లో అనుమతి తెచ్చింది ఆయనే. ఆయన పట్టుదల లేకపోతే ఈ రోజు మన చేతికి వచ్చేది కాదు. డబ్ల్యూఎక్స్ మాక్సిమా అనే రూపం దించుకోండి, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది.

నాకు బాగా నచ్చింది ఏందంటే, మెట్లు మనమే వేయొచ్చు. 2 ఎక్స్ + 3 = 11 అనే దానికి ఒక పేరు పెట్టుకుని, ఆ పేరులోంచి 3 తీసేయమంటే 2 ఎక్స్ = 8 అని వస్తుంది. దాన్ని 2తో భాగించమంటే ఎక్స్ = 4. 'అటు తీసుకెళ్తే గుర్తు మారుతుంది' అని బట్టీ పట్టిన పిల్లలకు, తీసివేత రెండు వైపులా జరుగుతోందని కళ్ల ముందు కనపడుతుంది.

సింగరాయకొండ అమ్మ:
మేడమ్, మా బాబు ఇంటర్ ఎంపీసీ. నేను టైప్ చేస్తే ఏదో ఎర్రర్ చూపిస్తోంది. ఎట్లా రాయాలి?

నెల్లూరు డిగ్రీ లెక్చరర్:
2 ఎక్స్ అని ఊరికే పక్కపక్కన రాస్తే దానికి అర్థం కాదమ్మా, మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టాలి. ఆపైన షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కండి. సమాధానంలో పర్సెంట్ గుర్తు పక్కన ఐ కనపడితే అది ఊహా సంఖ్య. పేరు పెట్టేటప్పుడు మాత్రం సమానం గుర్తు కాదు, కోలన్ వాడాలి.

కోవూరు సివిల్ ఇంజినీర్:
ఒకమాట. సాల్వ్ అన్నిటికీ పలకదు. ఎక్స్ = కాస్ ఎక్స్ ఇస్తే ఆ సమీకరణాన్నే తిరిగి మన ముందు పెడుతుంది. పాడైందని అనుకోవద్దు, సూత్రంతో తేలే లెక్క కాదది. ఫైండ్ రూట్ ఆదేశంలో 0కీ 1కీ మధ్య వెతకమంటే 0.739 అని ఇస్తుంది. కాలువ పనుల్లో మాకు రోజూ ఇదే అవసరం. పక్కలు వాలుగా ఉన్న కాలువలో ఇంత నీరు పారాలంటే లోతెంత ఉండాలో, ప్రవాహం లెక్కగట్టే మానింగ్ సూత్రంలోంచి నేరుగా బయటికి లాగలేం, ఇట్లా వెతికించాల్సిందే.

కావలి ట్యూషన్ మాస్టారు:
మాక్సిమా ఎక్కించాను, నడుస్తోంది. మూడు చరరాశులవి ఎట్లా ఇవ్వాలి?

ఒంగోలు బీటెక్ థర్డ్ ఇయర్:
సార్, మూడు సమీకరణాలనీ కామాలతో ఒక చదరపు బ్రాకెట్లో, చరరాశుల్ని ఇంకో చదరపు బ్రాకెట్లో పెట్టి సాల్వ్‌కి ఇవ్వండి. జియోజీబ్రా నేర్చుకోవాలంటే ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. నెట్ ఉన్నప్పుడు దించి పెట్టుకోండి.