14 ఏళ్ల పిల్లలతో నార్డిక్ చేయించాలా, వద్దా?

నల్లగొండ నాన్న
మా చిన్నోడికి 14 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో వింగ్‌లో, అంటే మైదానం అంచు వెంబడి ఆడతాడు. కొత్త కోచ్ వచ్చినప్పటి నుంచి హ్యామ్‌స్ట్రింగ్, అదే తొడ వెనక కండరానికి బలం రావాలని నార్డిక్ చేయిస్తున్నాడు. మోకాళ్ల మీద నిలబడితే జోడీ పిల్లాడు వెనక నుంచి చీలమండలు అదిమి పట్టుకుంటాడు, వీడు నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి, ఇక ఆపుకోలేనప్పుడు చేతులు నేలకు ఆనించాలి. మొదటి రోజే 30 చేయించాడట. తెల్లారి పిల్లాడు కింద కూర్చుంటే లేవలేకపోయాడు. ఎదిగే వయసులో ఇవన్నీ చేస్తే పొడుగు ఆగిపోతుందని మా అమ్మ ఒకటే గొడవ. మాన్పించాలా?

పాలమూరు బ్యాక్
మాన్పించు అన్నా. మేం ఆడినప్పుడు ఇవేవీ లేవు, గట్టి నేల మీద రోజూ ఉరికేవాళ్లం, తొడకు కావాల్సిన బలమంతా దాంట్లోనే వచ్చింది. స్ప్రింట్లు కొట్టించాలి, తర్వాత కాళ్లు సాగదీయించాలి, అంతే.

జడ్చర్ల ఫిజియో
పొడుగు ఆగదు సార్, అమ్మగారికి ధైర్యం చెప్పండి. సరిగ్గా చేయిస్తే బలం పెంచే వ్యాయామం వల్ల ఎదుగుదలకు నష్టం లేదు.

బ్యాక్ అన్నా, పరుగులో కాలు ముందుకు విసిరాక పాదం నేలను తాకే ముందు ఈ కండరం సాగుతూనే బ్రేక్ వేయాలి. ఎక్కువగా దెబ్బ తగిలేది అప్పుడే. ఉత్తగా సాగదీస్తే ఆ బ్రేక్ బలం రాదు, నార్డిక్ నేర్పేది సరిగ్గా అదే. డెన్మార్క్‌లో 942 మంది ఆటగాళ్లను చూసి 2011లో అచ్చేశారు. సగం జట్లు 10 వారాల్లో 27 పూటలు ఇది చేశాయి, వాళ్లలో ఈ కండరానికి కొత్తవీ తిరగబెట్టినవీ కలిపి 15 గాయాలు, చేయని వాళ్లలో 52.

పాలమూరు బ్యాక్
వాళ్లు పెద్దోళ్లు కదా తమ్ముడూ, ఒళ్లు గట్టిపడ్డ మగవాళ్లు. ఆ లెక్క తెచ్చి ఆరు నెలల్లో ప్యాంటు పొట్టయ్యే పిల్లాడికి ఎట్ల పెడతావు? పొద్దున చాయ్ మాత్రమే తాగి గ్రౌండ్‌కి వచ్చే పిల్లలు మా దగ్గర ఎంతమందో.

జడ్చర్ల ఫిజియో
ఆ మాట ఒప్పుకుంటా. అందుకే నా గొడవ నార్డిక్ మీద కాదు, ఆ 30 మీద. ఫిఫా 11 ప్లస్ వార్మప్ 14 ఏళ్లు, ఆ పైవాళ్ల కోసం తయారైంది, అందులో నార్డిక్ ఉంది, కానీ మొదటి మెట్టులో 3 నుంచి 5 సార్లే. తర్వాత 7 నుంచి 10, మూడో మెట్టులో గానీ 12 నుంచి 15 రాదు. అంతకన్నా చిన్నపిల్లల కోసం వేరే కార్యక్రమం ఉంది, దాంట్లో నార్డిక్ లేనే లేదు. మొదటి రోజే 30 అంటే ఏ కండరమైనా పట్టేస్తుంది, ఆ నొప్పి చూసి పిల్లలు శాశ్వతంగా మానేస్తారు.

ఇంకోటి సార్, నొప్పి ఎక్కడో అడగండి. రెండు కాళ్లకీ తొడ మధ్యలో సమానంగా ఉంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. ఉరుకుతుంటే టప్ మని అనిపించి పిర్ర కింద, కూర్చునే ఎముక దగ్గర నొప్పి పుడితే మాత్రం ఆట ఆపి ఎక్స్‌రే తీయించండి. ఈ వయసులో ఆ ఎముక అంచు ఇంకా పూర్తిగా అతుక్కోదు, కండరం గుంజితే ఎముక ముక్కే ఊడొస్తుంది. దాన్ని పట్టేసిందనుకుని జండూబామ్ రుద్దితే పిల్లాడికి నెలలు పోతాయి.

మిర్యాలగూడ అక్క
నేను స్కూల్ అమ్మాయిలతో చేయిస్తా. మోకాళ్ల కింద మడతేసిన గోనెసంచి, వారానికి రెండుసార్లు, ఆట అయ్యాకే. మొదట్లో సగం దాకా వాలి చేతులు ఆనిస్తారు, నేను అంతకంటే అడగను. మ్యాచ్ ముందు రోజు అసలే వద్దు. స్ప్రింట్లు కూడా ఉండాలి, బ్యాక్ అన్న చెప్పింది తీసేసే మాట కాదు.

పాలమూరు బ్యాక్
5 అయితే సరే. మ్యాచ్ ముందు రోజు చేయిస్తే మాత్రం నేనే వచ్చి కోచ్‌తో కొట్లాడతా.

నల్లగొండ నాన్న
అడిగాను. రెండు కాళ్లకీ తొడ మధ్యలోనేనట, ఇవాళ తగ్గింది. రేపు పొద్దున గ్రౌండ్‌కి పోయి 5తో మొదలుపెట్టమని కోచ్‌ని అడుగుతా.